పాదిరి యిల్లెవరిది?

ఇంగ్లండు దక్షిణతీరమునకు చేరువను, ససెక్సు సీమలో, కుక్‌మియరను చిన్న యేటి యొడ్డున ఆల్ఫ్రిస్టను అను పల్లె కలదు. ఆ పల్లెలోని పచ్చికబయలుమీద చెకుముకిరాళ్లతో కట్టిన పెద్ద దేవాలయమును, దాని ప్రక్కను పూరికప్పు గల యొక పాత యిల్లును ఉన్నవి. ఆ యింటికి పాదిరి యిల్లని పేరు. పదునాలుగవ శతాబ్దినాటి దగుటచేతను, నేషనల్ ట్రస్టను సంస్థవారు 1896 సంవత్సరమున కొన్న మొట్టమొదటి గృహ మగుటచేతను దాని ఖ్యాతి దేశదేశముల వ్యాపించినది. దానిని చూచి వచ్చి వ్రాయువారిలో పెక్కుమంది ఒకే పాట పాడుచున్నారు: ఇంగ్లీషువారి దైవభక్తియు, పూర్వులయెడ వారికి గల గౌరవమును ఈ యింట మూర్తీభవించినవట. మే మా మాటతో ఏకీభవింపజాలము. ఇల్లు నిలిచియున్న మాట నిజము. ఎవరి గౌరవముచేత నిలిచెనో, ఎవరి యగౌరవముచేత కూలబోయెనో విచారించినచో, పొగడ్త పొందుచున్నవా రొకరును, పొందవలసినవారు వేఱొకరును అని తేలక మానదు.

ముందుగా ఇంటి నిర్మాణమును చెప్పెదము. మా వాదమంతయు ఆ కొయ్యలనుండియే పుట్టుచున్నది.

ఇట్టి యిండ్లు కెంటు, ససెక్సు సీమలలో విస్తారముగా నుండుటచేత శిల్పచరిత్రకారులు వానికి వీల్డను ఇండ్లని పేరిడిరి. గోడ బరువును మోయునది రాయికాదు, ఇటుకకాదు. ఓకు మ్రాని స్తంభములును దూలములును. వడ్రంగులు ఆ మ్రానును ఎండకమునుపే, పచ్చిగా నున్నప్పుడే చెక్కి, కూసములు తొలుచుబెజ్జములలోనికి దిగగొట్టి, ఇనుప మేకులతో పనిలేక కొయ్యసీలలతోనే బిగింతురు. ఏండ్లు గడచినకొలది కొయ్య ఎండి, మెలితిరిగి, ఇనుమువలె గట్టిపడును. అందుచేతనే ఆ యిండ్ల గోడలు సరళరేఖల నెఱుగవు. స్తంభముల నడుమ ఖాళీలను సన్నని కఱ్ఱలతో అల్లిన తడికతో మూసి, దానిమీద గడ్డిపోచలును పేడయు కలిపిన మట్టిని ఇరుప్రక్కల మెత్తుదురు. ఈ పని మన పల్లెవారికి నేర్పనక్కఱలేదు.

ఇంటి నడుమ నొక పెద్ద చావడి. దానిపైన మేడగాని అటకగాని లేదు. క్రిందినుండి చూచినచో వాసములవఱకు దృష్టి పోవును. అడ్డదూలము నడినెత్తిమీద నొక నిలువుగుంజ నిలిచి పైకప్పు నానుకొని యుండును. మన పూరియింటి నిట్రాడు నేలనుండి లేచును. ఇది దూలమునుండి లేచుచున్నది, అంతయే భేదము. చావడికి ఇరుకొనల రెండంతస్తుల గదులు. ఆ కొనలలో పై యంతస్తు క్రింది గోడను దాటి ముందునకు పొడుచుకొని వచ్చును. అయితే కప్పు మాత్రము మూడు భాగములకును ఒక్కటే. చూరును ఒక్క వరుసయే. కావున నడుమనున్న చావడి గోడ రెండు కొనలకంటె లోనికి తగ్గి, లోతైన చూరుక్రింద నీడలో నిలిచియుండును. అచట చూరును మోయుటకై వంపుతిరిగిన కొయ్యచేతులు ఇరువైపులనుండి సాచబడియున్నవి. బయటినుండి చూచువానికి ఈ వంపుచేతులే ఆ యింటికి ముఖలక్షణము.

కట్టిన కాలమున పొగగొట్టము లేదు. చావడి నడుమ నేలమీదనే నిప్పు వేసెడివారు. పొగ వాసములచుట్టు తిరిగి తిరిగి, కప్పుసందులనుండియు, అద్దములులేని కిటికీలనుండియు మెల్లగా బయటికి పోయెడిది. ఇట్టి యిండ్ల వాసములకు పట్టిన మసి శతాబ్దములు గడచినను వదలలేదు. ఏ భాగమున పొయ్యి వెలిగెనో, ఎక్కడ వెలుగలేదో చరిత్రకారుడు ఆ మసినిబట్టియే నిర్ణయించును. మన దేశమున శాసనములు రాతిమీద దొరకును. అచట బీదరికముయొక్క శాసనము వాసముమీద దొరకుచున్నది. ఇక నేల సంగతి వింతయైనది. ఆ ప్రాంతపు కొండలన్నియు సీమసున్నపు కొండలే. ఆ సున్నపుగడ్డలను చితుకగొట్టి, నేలపై పఱచి, దిమ్మిసకొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపఱతురు. పాలు పీల్చిన సున్నము నున్నబడి, ధూళి లేవక, కాలికి చల్లగా నుండును.

ఇప్పుడు చదువరుల నొక ప్రశ్న అడిగెదము. పైని చెప్పిన దానిలో పాదిరికి ప్రత్యేకమైన దేమున్నది? చావడియా, పొగయా, సున్నపు నేలయా? ఏ కొద్దిపాటి భూమియో గల రైతు ఇల్లును సరిగా ఇట్లే యుండెడిది. ఈ యింటిని మొదట కట్టించినది కలిగిన రైతే యని చెప్పువారును కలరు. అదియే నిజమైనచో మా మాటకు మఱింత బలము కలుగుచున్నది: రైతు విడిచిన యిల్లు పాదిరికి చాలినది. ఊరి రైతు ఏ పొగ పీల్చెనో పాదిరియు ఆ పొగయే పీల్చెను. ఆ కాలపు కవి చాసరు తన కాంటర్బరీ కథలలో వర్ణించిన బీద పాదిరి, వాననక ఉఱుమనక చేత కఱ్ఱ పట్టుకొని, దూరదూరముల నున్న యిండ్లకు నడచిపోయెడివాడు. అట్టివాడు తిరిగివచ్చి పండుకొనుటకు ఈ యిల్లు తగియున్నది.

ఇచట మమ్ము మేమే సవరించుకొనవలెను. ఇది బీదవాని గుడిసె కాదు. పదునాలుగవ శతాబ్దిలో దినకూలిచేసి బ్రదికినవాని గుడిసెలు ఈనాటికి నిలువలేదు. ఓకు దూలము కొనగలవాని యిల్లే మనకు మిగిలినది. ప్రాచీన శిల్పమును గూర్చి మాటలాడునపుడెల్ల మనము కలవారిని గూర్చియే మాటలాడుచున్నామని గుర్తుంచుకొనుట మంచిది. అయినను ఆ కలవాడు జమీందారు కాడు, పొరుగువాడు.

ఈ పొరుగుతనము ఎట్లు పోయినది? రోమను మతముతో తెగతెంపులైన తరువాత, 1549లో ఇంగ్లీషు పాదిరులు పెండ్లాడుటకు చట్టము అనుమతించినది. నడుమ మేరీరాణి కాలమున అది రద్దయినను తరువాత వివాహమే నిలిచినది. భార్యయు బిడ్డలును గలవానికి మఱి రెండు గదులు కావలసివచ్చుట సహజము. అందు తప్పు పట్టువారము కాము. జార్జి హెర్బర్టను కవి 1630లో బెమెర్టను పల్లెకు పాదిరియై వచ్చి, శిథిలమైయున్న యిల్లును తన సొమ్ముతో బాగుచేయించుకొనెను. అదియు మెచ్చదగినదే.

కాని పదునెనిమిదవ శతాబ్దికి కథ మాఱినది. పాదిరి పదవి భూస్వాముల రెండవ కుమారునికో మూడవ కుమారునికో జీవనాధారమైనది. పాదిరిని నియమించు హక్కు ఆస్తివలె క్రయవిక్రయములకు లోనై వార్తాపత్రికలలో ప్రకటింపబడుచుండెడిది. ఒక్కడే రెండు మూడు గ్రామముల రాబడి తినుచు, ఏదో యొకదానిలో కాపురముండి, తక్కినవానికి చిన్న జీతమున నొక బడుగు పాదిరిని నియమించుటయు కలదు. పంటలో పదియవ పాలు దేవునిపేర చెల్లించు రైతు, ఆ పాలు ఎచటికి పోవుచున్నదో తన కన్నులతోనే చూచెడివాడు. ఏలయన అది గుఱ్ఱపుసాలయై, ద్రాక్షసారాయపు కొట్టడియై, నున్నని యిటుకగోడయై ఊరి చివర లేచుచుండెను. నార్ఫోకు సీమలో 1776 మొదలు 1803వఱకు పాదిరిగా నున్న జేమ్సు వుడ్‌ఫర్డు వ్రాసికొన్న దినచర్యయే ఇందుకు సాక్ష్యము. అతడు క్రూరుడు కాడు, పిసినారియు కాడు. దశమభాగము చెల్లింపవచ్చిన రైతులకు తన యింట విందుచేసెడివాడు. అయినను ఆ దినచర్యలో భోజనపదార్థముల పట్టికకు దొరకిన చోటు ప్రార్థనకు దొరకలేదు.

ఇండ్లు పెద్దవి చేయుటకు చట్టమును తోడుపడినది. 1704లో ఆనురాణి బీద పాదిరుల సహాయార్థము నిధి నేర్పఱచినది. 1776లో గిల్బర్టను పార్లమెంటు సభ్యుని పేర ప్రసిద్ధమైన చట్టమొకటి వచ్చి, పాదిరులు తమ పదవీరాబడిని తాకట్టుపెట్టి యిల్లు కట్టుకొనుటకై అప్పు తీసికొనవచ్చునని చెప్పినది. ఉద్దేశము మంచిదే: ఇల్లులేదను నెపమున ఊరికి దూరముగా నుండు పాదిరులను ఊరికి రప్పించుట. ఫలమో? పాదిరి ఊరికి వచ్చెను. కాని ఊరిలోనికి రాలేదు. చెట్లవరుసల నడుమ బండిబాట, బాట చివర స్తంభముల వాకిలి, వెనుకప్రక్కను సేవకులకు వేఱుద్వారము. బిడ్డకు జబ్బుచేసిన కూలివాని భార్య అర్ధరాత్రివేళ తట్టవలసినది ఏ తలుపు? ముందు తలుపు తట్టుటకు భయము. వెనుక తలుపు తట్టినచో వంటలవాడు లేచును గాని పాదిరి లేవడు. శిల్పము మాటలాడదని యనుకొనువారికి మా ప్రత్యుత్తర మిదియే. రెండు తలుపులు పెట్టిననాడే ఆ యిల్లు తన యుపదేశము చెప్పివేసినది. ఆదివారపు ఉపన్యాసము దాని తరువాతిది.

పెద్ద యిల్లు పాదిరికైనను సుఖమిచ్చెనా? ఇంగ్లండు ధర్మాసనములలో దీర్ఘకాలము సాగిన యొక క్రూరాచారమును మన చదువరు లెఱుగరు. ఇంటి శిథిలతకు దిగిపోవు పాదిరి బాధ్యుడు. అతడు మరణించినచో ఆ బాధ్యత అతని యాస్తిపై పడును. క్రొత్తగా వచ్చిన పాదిరి కప్పు ఎచట కాఱుచున్నది, కొయ్య ఎచట పుచ్చినది లెక్కవేయించి, ఆ ధనమును చనిపోయినవాని వారసులనుండి రాబట్టవచ్చును. భర్త పోయిన దుఃఖములో నున్న విధవ ఇల్లును ఖాళీచేయవలెను, ఆ యింటి మరమ్మతునకు డబ్బును చెల్లింపవలెను! ఇల్లెంత పెద్దదో ఋణమంత పెద్దది. 1871లో ఈ లెక్కలను క్రమపఱచుటకు చట్టము చేసిరి గాని బాధ్యతను తొలగింపలేదు. విధవల కష్టములను గూర్చి దశాబ్దములుగా వ్రాయుచున్న మన పత్రికలు ఇందు క్రొత్త సంగతి యేదియు లేదనవచ్చును. నిజమే, అన్యాయమునకు దేశభాషలు వేఱైనను వ్యాకరణ మొక్కటే.

ప్రతి పాదిరిని ఒకే త్రాసున తూచుచున్నామని మమ్ము నిందింపవలదు. యార్కుషైరులో హావర్తు గ్రామపు పాదిరి యిల్లును చూడుడు. 1779 ప్రాంతమున కట్టిన రాతియిల్లు. కొండమీద, శ్మశానము అంచున. అందు 1820 మొదలు పాట్రికు బ్రాంటీ కాపురముండెను. అతని కుమార్తెలు షార్లటు, ఎమిలీ, ఆను అచటనే తమ నవలలు వ్రాసిరి. ఆ యూరి నీరు చెడినదనియు, జనులు అకాలమరణము పొందుచున్నారనియు ఆ పాదిరియే ప్రభుత్వమునకు మొఱపెట్టి విచారణ తెప్పించెను. 1850లో బాబేజి అను అధికారి వ్రాసిన నివేదికలో ఆ యూర పుట్టినవారిలో నూటికి నలువదిమందికి పైగా ఆఱేండ్లు నిండకమునుపే చనిపోవుచున్నారని తేలినది. పాదిరి యింటిలోను చావులకు లోటులేదు. గోడలు రాతివైనను పొరుగువారి నీటి కష్టము ఆ పాదిరికి వినబడినది. అట్టివారు కలరు. కాని గోడలను జయించిన మంచివానిని చూపి గోడలు మంచివనుట తర్కము కాదు.

ఇక ఆల్ఫ్రిస్టనునకు తిరిగి వత్తము. పందొమ్మిదవ శతాబ్దికి ఆ పాత యింట పాదిరి కాపురములేదు. దానిని భాగములుచేసి కూలివాండ్ర కాపురములకు వదలివేసిరి. పాదిరి పదవికి తగదన్న కప్పు పొలము దున్నువాని పిల్లలకు తగినదైనది! కప్పునకు గడ్డి వేయించువారు లేక, గోడలకు మట్టి మెత్తించువారు లేక ఇల్లు క్రుంగసాగినది. 1880ల దశకమున దేవాలయాధికారులు దానిని కూల్చివేయుటకు నిశ్చయించి యనుమతియు తెచ్చుకొనిరి. శతాబ్దముల వర్షమును ఓర్చిన యింటికి తన యజమానుని సంతకమే గండమైనది.

అప్పుడు దానిని నిలిపిన దెవరు? శిల్పపండితులు కారు, సంఘములు కావు. ఆ యింటనే కాపురముండిన యొక వృద్ధురాలు, తన శేషజీవితము నచటనే గడపనిండని వేడుకొనెను. ఆమె చనిపోవువఱకు పలుగు ఎత్తలేదు. ఆ కొద్ది సంవత్సరముల వ్యవధి లేనిచో తరువాత రక్షింపవచ్చినవారికి రక్షించుట కేమియు మిగిలెడిది కాదు. చరిత్రగ్రంథములు సంఘముల వార్షికసభలను వర్ణించును. ఒక ముసలమ్మ గడపమీద కూర్చుండి కదలననుటను శిల్పసంరక్షణోద్యమముగా లెక్కింపవు. మేము లెక్కించుచున్నాము.

తరువాత ఆ యూరికి వచ్చిన బేనను పాదిరి పూర్వుని త్రోవ త్రొక్కక, ఇల్లు నిలుపుటకు పూనుకొనెను. ఇది అతనికి కీర్తికరము. ప్రాచీన భవనసంరక్షణ సంఘమువారికి అతడు మొఱపెట్టుకొనెను. ఆ సంఘమును 1877లో విలియము మారిసు, ఫిలిపు వెబ్బు మొదలైనవారు స్థాపించిరి. నాటి శిల్పులు పాత దేవాలయములను బాగుచేయుదుమని చెప్పి, గోడలను గీకి, కాలముయొక్క గుఱుతులన్నియు తుడిచివేసి, తమకు తోచిన పూర్వరూపమును క్రొత్తగా కల్పించుచుండిరి. మారిసు దీనిని ఎదిర్చెను. పడిపోవుదానికి ఊతమిమ్ము, కాఱుదానిని మూయుము, అంతకుమించి చేయివేయకుము: ఇదియే వారి సిద్ధాంతము. ఆల్ఫ్రిస్టనులో ఆల్ఫ్రెడు పవెలను శిల్పి ఈ పద్ధతినే అవలంబించెను. పుచ్చిన కొయ్యను తీసి మంచికొయ్యను అతికిరి, వంకరగోడను నిటారుచేయలేదు. మన ప్రాంతపు పాత గుళ్లమీద నూనెరంగులు పూయించి, శాసనములను సిమెంటుతో కప్పించి, జీర్ణోద్ధరణ మని పేరుపెట్టు ధర్మకర్తలు ఈ యొక్క సంగతినైన చదివినచో బాగుండును.

1895లో ఆక్టేవియా హిల్లు, రాబర్టు హంటరు, హార్డ్విక్కు రాన్స్లీ అను మువ్వురు నేషనల్ ట్రస్టును నెలకొల్పిరి. మఱుసటి సంవత్సరమే వారీ యింటిని కొనిరి. వెల ఎంతయో తెలియునా? పది పౌనులు. నాటి మారకము ప్రకారము మన రూపాయలు రెండువందలు కూడ కావు. మరమ్మతునకు మఱికొన్ని వందల పౌనులు కావలసివచ్చినవి. అవి చందాలవలన వచ్చినవి. దేవాలయమునకు నిధిలేదు, అందుచే కూల్చదలచిరి అని సమర్థించువారిని మేమడుగుచున్నాము: ఏ యింటి నిమిత్తమై నిధిలేకపోయినది? గత వందయేండ్లలో దేశమంతట లేచిన వేలకొలది పాదిరి భవనములకు నిధి దొరకినది గదా! కూలివాండ్రున్న యింటికి గడ్డి వేయించుటకే దొరకలేదు. ఇల్లు కాపురమునకు తగదని చెప్పినపుడెల్ల, ఎవరి కాపురమునకు అని అడుగవలెను.

ఆక్టేవియా హిల్లు ఈ ప్రశ్న నెఱిగిన స్త్రీ. ఆమె 1865లోనే రస్కిను ధనసహాయముతో లండనులోని బీదల యిండ్లను తీసికొని, కప్పులు కాఱకుండ, నీరు శుభ్రముగా నుండునట్లు బాగుచేయించి, అందు కాపురమున్నవారిని వెడలగొట్టక అచటనే నిలిపెను. ఆల్ఫ్రిస్టను ఇల్లు మాత్రము ప్రదర్శనశాలయైనది. ఇందులకు ఆమెను నిందింపము. నాటికి అదియైనను మిగులుట గొప్ప. కాని నేడు రుసుము చెల్లించి లోనికి పోయి, ఓకు దూలమునకు చెక్కిన యాకును చూచి, సున్నపు నేలను చూచి, తోటలోని పూలను చూచి, ఎంత ముచ్చటగా బ్రదికిరి పూర్వులు అని నిట్టూర్చు యాత్రికుని చూచినచో మాకు కోపము వచ్చుచున్నది. ముచ్చట యెచటిది? ఆ చావడిలో కన్నులు మండుచుండెడివి. చలికాలమున నేలనుండి తేమ ఎగసెడిది.

మఱియొక వింత. ఇరువదవ శతాబ్దిలో దేవాలయమువారు పెద్ద పాదిరి భవనముల భారము మోయలేక, వానిని వరుసగా అమ్మివేసి, పాదిరులకు చిన్న యిండ్లు కట్టించిరి. అమ్మిన భవనములు పాత రెక్టరీలను పేరుతో ధనవంతుల కాపురములైనవి. పాదిరి మరల పొరుగువాని యంతటి యింటికి చేరెను, కాని వినయముచేత కాదు, ఖర్చుచేత. ఆల్ఫ్రిస్టనులో పది పౌనులకు వదలుకొన్న దానిని మరల నేర్చుకొనుట కెన్ని దశాబ్దములు పట్టినదో చూడుడు.

ఇది పరదేశపు కలహ మని మనవారు తోసివేయనక్కఱలేదు. మచిలీపట్టణమునకు 1841లో వచ్చి పాఠశాల పెట్టిన రాబర్టు నోబిలు, లెస్టరుషైరులోని యొక పల్లెపాదిరి కుమారుడు. మన పద్యములను ఏఱి కూర్చిన బ్రౌనుదొర కలకత్తా పాదిరి డేవిడు బ్రౌను కుమారుడు. అట్టి పాదిరి యిండ్లనుండి వచ్చినవారు మనకు మేలుచేసిరి. ఆ వెనుకనే ఎత్తైన అరుగులును, విశాలమైన వసారాలును, దూరమున వంటశాలయు గల మిషను బంగళాలు మన ఊళ్ల యంచులను లేచినవి. ఏ మాలపల్లె జనులను సమానులని పిలిచిరో, ఆ జనులు ఆ యరుగుక్రిందనే నిలుచుండిరి. మన మఠములను, అగ్రహారములను చూచినవారికి ఇది క్రొత్తగాదు. మేము పాదిరిని మాత్రమే వేలెత్తి చూపుచున్నామని హిందూసోదరులు సంతోషింపవలదు.

ఆల్ఫ్రిస్టను గృహమునకు పేరు మార్చుడని మేము కోరుట లేదు. పట్టికలలో ఎక్కిన పేరు ఎక్కినట్లే యుండనిండు. అయితే ఆ యింటిని విడిచిన దెవరో, కూల్చబూనిన దెవరో, చివరిదాక విడువనిది ఎవరో తెలిసిన తరువాత, పాదిరి యిల్లని పలుకుటకు మాకు నోరాడుట లేదు. మేము దానిని ముసలమ్మ యిల్లనియే వాడుకొనుచున్నాము.